పేజీ తిప్పిన చప్పుడు

రాజదర్బారు తెర కిందికి దిగనని మొండికేసింది. పైన దూలానికి కట్టిన కప్పీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. లోవరాజు నిచ్చెన ఎక్కి కొడవలితో తాడు కోసేశాడు. ఇరవై అడుగుల గుడ్డ, దాని మీది స్తంభాలూ సింహాసనమూ నెమళ్ళతో సహా, స్టేజీ మీద కుప్పకూలింది. దుమ్ముకి కూలీలిద్దరూ దగ్గుకుంటూ పక్కకు తప్పుకున్నారు.

“మడత సరిగ్గా పెట్టండ్రా. సింహాసనం చిరుగుద్ది,” అన్నాడు లోవరాజు, అలవాటు కొద్దీ.

“సిరిగితే ఏటండి బాబూ! రేపట్నించి దీని కింద ధాన్యం బస్తాలు తొంగుంటాయి,” అని నవ్వాడు కూలీల్లో పెద్దవాడు చిట్టియ్య. “రాజుగారికన్నా ఆటికే ఎక్కువ మర్యాద.”

బయట మిల్లు లారీ ఆగి ఉంది. రాజదర్బారు, అడవి, సముద్రం, కైలాసం నాలుగూ ఈ మధ్యాహ్నమే మిల్లుకు పోవాలి. వానాకాలానికి బస్తాల మీద కప్పడానికి పనికొస్తాయని యజమాని కుక్కుటేశ్వరరావు గారు చెప్పారు. సాయంత్రం ఆరింటికి ఇక్కడే వీడ్కోలు సభ. ఆ మర్నాటి నుంచి గోడలు పగలగొడతారు. ఏడాది తిరిగేలోగా ఇదే చోట సినిమా హాలు లేస్తుంది. వైశాఖం ఎండకి రేకుల కప్పు కింద చొక్కాతో నిలబడటం కష్టంగా ఉంది.

మండపేటలో ఆ శాలని కుక్కుటేశ్వరరావు గారి తండ్రి 1924లో కట్టించాడు. భార్య పేరే పెట్టాడు, అన్నపూర్ణా నాటకశాల అని. బర్మా టేకు కాలవ మీద పడవల్లో వచ్చింది. కరెంటు లేని రోజుల్లో అరవై గ్యాసు దీపాల కింద నాటకాలు ఆడారు. వాన సీనుకి పైన గొట్టాలు పెట్టి నిజం నీళ్ళే కురిపించేవారు. ముందు వరసలో షావుకార్లు తడిసి, తడిసినందుకు మురిసిపోయేవారు. ఒక రాజు వేషగాడు ఒక్క పద్యాన్ని ఏడుసార్లు పాడితే, ఎనిమిదోసారి కూడా ‘ఒన్స్‌మోర్’ అన్నారట, దీపాల్లో కిరసనాయిలు అయిపోయేదాకా. ఇవన్నీ జనం చెప్పుకుంటారు. తెరలు లాగి అరచేతులు కోసుకుపోయినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. పదిహేనేళ్ళుగా అందులో పెళ్ళి భోజనాలూ, ఎన్నికల మీటింగులూ తప్ప నాటకం లేదు.

లోవరాజు అక్కడ ప్రాంప్టరు. అయిదో తరగతితో బడి మానేసి మిల్లులో ఊక ఎత్తుతుంటే, చదవడం వచ్చినవాడు కావాలని పిలిపించారు. స్టేజీ పక్కన తెరచాటు వింగులో ముక్కాలిపీట మీద కూర్చుని, పుస్తకం చూస్తూ, నటులకి మాట అందించాలి. స్టేజీ మీది మనిషికి వినపడాలి, ముందు వరసకి వినపడకూడదు. అదే పని. ముప్పై ఏళ్ళు అలా మాట్లాడి మాట్లాడి అతని గొంతు మూడు గజాలు దాటడం మరిచిపోయింది.

నిచ్చెన దిగి మొహం తుడుచుకుంటుంటే పక్క గుమ్మం దగ్గర నుంచి వినపడింది.

“ఏం పంతులూ, బాగున్నావా?”

ఆ పేరుతో అతన్ని పిలిచేది ఒక్క మనిషే. పిలిచి ఇరవై ఎనిమిదేళ్ళయింది. తల తిప్పకముందే తెలిసింది. చేతిలో సంచీ, మణికట్టుకి రెండు మట్టిగాజులు, నెత్తి మీద తడిగుడ్డ, ముందు రెండు పళ్ళు లేవు. జగదాంబ.

ఆవిడ కోరుకొండ గుడి మెట్ల కింద కర్పూరం పొట్లాలు అమ్ముకుంటోందని అతనికి తెలుసు. బతికున్న రోజుల్లో భార్య మొక్కు తీర్చుకుందామంటే ఓసారి వెళ్ళాడు కూడా. దూరం నుంచి జగదాంబని చూసి, సైకిలు స్టాండు వెనకాల గంటసేపు నిలబడ్డాడు, ఆవిడ అన్నానికి లేచేదాకా. భార్య అడిగితే ఎండ దెబ్బ అన్నాడు.

“రా అక్కా, కూర్చో,” అన్నాడు. కూర్చోడానికి చుట్ట చుట్టిన తెర తప్ప ఏమీ లేదు.

“ఇదేం తెర?”

“అడవి.”

“ఓసి దీని దుంపతెగ! ఇందులో నన్ను ఎన్నిసార్లు వదిలేసి పోయారో మహారాజులు,” అని దాని మీదే కూలబడింది. చిట్టియ్య కిసుక్కున నవ్వి, కైలాసాన్ని భుజాన వేసుకుని లారీ వైపు పోయాడు.

జగదాంబ కాసేపు ఆయాసం తీర్చుకుంది.

“కాకినాడలో పింఛను కాయితం పెట్టానయ్యా. ముసలి నటులకి నెలకి యాభై ఇస్తారంట. ఆఫీసరు మంచోడే. ‘ఎక్కడ ఆడావమ్మా’ అన్నాడు. అన్నపూర్ణలో అయిదేళ్ళు రాణి వేషం కట్టానన్నాను. ‘రుజువేంటి’ అన్నాడు. పద్యం పాడమంటారా బాబూ అన్నాను. ‘పద్యాన్ని ఫైల్లో పెట్టలేం కదమ్మా’ అన్నాడు.”

లోవరాజు నవ్వబోయి మానేశాడు.

“శాంతికుమార్ మాస్టారు శాల చరిత్ర రాశారంట కదా. అందులో నా పేరుందని ఆయనే కబురెట్టారు. సాయంత్రం కుక్కుటేశ్వరరావు గారు చదూతారంట, చదివింది చదివినట్టు అచ్చేయిస్తారంట. ఆఫీసరు కూడా వస్తున్నాడు. ఆయన చెవిన పడితే చాలు నాకు. ఓసారి చూపించు పంతులూ. నా పేరు ఎక్కడుందో వేలెట్టి చూపించు. చదవలేకపోయినా చూస్తాను.”

రాతప్రతి లోవరాజు సంచీలోనే ఉంది. సంచీ వింగు పక్క మేకుకి వేలాడుతోంది. తొమ్మిదో పేజీలో ఆవిడ పేరున్న వాక్యం ఉంది. దాని మీద నీలం పెన్సిలు గీత కూడా ఉంది. ఆ గీత నిన్న లోవరాజు చేత్తోనే పడింది.

కుక్కుటేశ్వరరావు గారికి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. కాగితం చూసి చదవలేరు, చదవలేరన్న సంగతి నలుగురికీ తెలియడమూ ఇష్టం లేదు. అందుకని ఉపన్యాసం కూడా నాటకంలాగే జరగాలి. లోవరాజు వింగులోంచి అందిస్తే ఆయన అప్పగిస్తారు. నిన్న మొత్తం చదివించుకుని విన్నారు. తొమ్మిదో పేజీ దగ్గర చెయ్యెత్తారు.

“ఆ పేరు కొట్టెయ్‌రా.”

“మాస్టారు అడుగుతారేమోనండి.”

“అడిగితే నేను చెప్పుకుంటాను. ఇదిగో లోవరాజూ, కొత్త హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చించే పని నీదే అని చెప్పానా లేదా? స్టేజీ కింద గది పోతే పోయింది, సైకిలు షెడ్డు పక్కన ఓ గది వేయిస్తాను. ఊఁ, పెన్సిలు తియ్యి.”

తీశాడు.

“ఇప్పుడు నా దగ్గర లేదక్కా,” అన్నాడు జగదాంబతో. “అయ్యగారి దగ్గరుంది.”

జగదాంబ మేకుకున్న సంచీ వైపు చూసింది. అందులోంచి కాగితాల అంచు కనపడుతోంది.

ఆవిడకి అక్షరం ముక్క రాదు. 1946 నుంచి 51 దాకా ప్రతి నాటకమూ లోవరాజు చదివితే విని నేర్చుకుంది. అందుకే పంతులూ అనేది. రాజు వేషానికి రాత్రికి నూట పాతిక, రాణికి ఇరవై, ప్రాంప్టరుకి మూడు, తెరలు లాగేవాళ్ళకి రూపాయిన్నర. ఆ రూపాయిన్నర కూడా నాలుగు ఆటలకోసారి గానీ చేతికొచ్చేది కాదు. 51 శివరాత్రికి జగదాంబ మొహానికి రంగు వేసుకుని, కిరీటం పెట్టుకుని, వేషాల పెట్టె మీద కూర్చుంది. “వీళ్ళ డబ్బులు ఇచ్చేదాకా నేను లేవను. గంట కొట్టుకోండి, ఎన్ని కొడతారో,” అంది. బయట ఎనిమిది వందల మంది. కుక్కుటేశ్వరరావు గారు అరగంట పళ్ళు నూరి, డబ్బులు పంపారు. తెరలవాళ్ళు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే తిట్టింది. లోవరాజుకీ పన్నెండు రూపాయలు ముట్టాయి. ఆ డబ్బుతో పెళ్ళానికి చీర కొన్నాడు.

పది రోజుల తర్వాత ఆయన పిలిపించారు. తమలపాకు చుడుతూ, మొహం చూడకుండా చెప్పారు.

“ఇవాళ మూడో అంకంలో నీకు గొంతు పట్టేస్తుందిరా.”

లోవరాజుకి అర్థమయింది. స్టేజీ కింద గది కావాలని అంతకు నెల ముందే అడిగి ఉన్నాడు. పెళ్ళాం నెలతప్పింది. ఇంటద్దె రెండు నెలలు బాకీ.

కొత్త నాటకం, జగదాంబకి ఇంకా పూర్తిగా నోటికి రాలేదు. రాణి మీద నింద పడే సీను, ఒక్కతే మాట్లాడాలి. జగదాంబ మొదటి మాట అని ఆగింది. వింగు వైపు చూసింది. లోవరాజు పుస్తకంలోకి చూస్తున్నాడు. ఆవిడ మొదటి మాట మళ్ళీ అంది. వెనక నుంచి ఈల. మూడోసారికి స్టేజీ మీద సోడా మూతలు పడ్డాయి. కిరీటం తీసి చేత్తో పట్టుకుని ఆవిడ లోపలికి నడిచింది. కుక్కుటేశ్వరరావు గారు తెర ముందుకొచ్చి, ఆవిడ తాగి వచ్చిందని, క్షమించమని జనాన్ని కోరారు. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ ఆవిడకి వేషం లేదు. లోవరాజుకి గది వచ్చింది.

“అక్కా,” అన్నాడు ఇప్పుడు. ఇన్నేళ్ళూ లోపల వల్లించుకున్నదే బయటికొచ్చింది. “ఆ రోజు నాకు గొంతు...”

“గొంతు సంగతి నాకు తెలీదు,” అంది జగదాంబ నెమ్మదిగా. “పేజీ తిప్పావు. ఆ చప్పుడు వినపడింది.”

లోవరాజు అప్పుడు తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

“గొంతు పట్టేసినోడు ఆ పేజీ మీదే ఉండి చేతులన్నా ఊపుతాడు కదా. నువ్వు తిప్పేశావు. నేను అక్కడే నిలబడి ఉంటే నువ్వు ముందుకెళ్ళిపోయావు.”

“తెలిసి... ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవరు వింటారు? తాగొచ్చిందన్నారు కదా. తాగినదానికి పేజీలు వినపడతాయంటే నవ్వుతారు.” సంచీ తీసుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. “నేనేం నిన్ను తిట్టడానికి రాలేదయ్యా. దణ్ణాలూ వద్దు, ఏడుపులూ వద్దు, అవి స్టేజీ మీద చాలా చూశాను. ఆ పేరొక్కటి ఇప్పించు. సాయంత్రం వస్తాను. ఎప్పుడూ నేలలో కూర్చుని చూడలేదు ఈ శాలని.”

ఆవిడ వెళ్ళాక లోవరాజు అడవిని ఒక్కడే మోసుకెళ్ళి లారీలో పడేశాడు.

ఆరున్నరకి శాల నిండింది. ముందు వరసలో సినిమా హాలుకి భాగస్తులు, వాళ్ళ పక్కన కాకినాడ ఆఫీసరు, ఆ పక్కన శాంతికుమార్ మాస్టారు ఒళ్ళో తెల్లకాగితాలు పెట్టుకుని, అచ్చుకి రాసుకోడానికి. నేలలో చీకటి. ఎవరు ఎక్కడున్నారో వింగులోంచి కనపడదు. కుక్కుటేశ్వరరావు గారు జరీపంచెతో మైకు ముందు నిలబడ్డారు. లోవరాజు పాత ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

“మా తండ్రిగారు ఈ శాలకి శంకుస్థాపన చేసిన రోజున...” అని అందించాడు. ఆయన అందుకున్నారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు జీరపోవాలో ఆయనకి బాగా తెలుసు. బర్మా టేకుకి చప్పట్లు. వాన సీనుకి నవ్వులు. ఏడుసార్ల పద్యానికి వెనక నుంచి ఎవరో ముసలాయన ‘ఒన్స్‌మోర్’ అని అరిచాడు. లోవరాజు పేజీలు తిప్పుతున్నాడు. తిప్పిన ప్రతిసారీ ఆ చప్పుడు అతనికి వినపడుతోంది. మైకులోంచి శాల అంతటికీ వినపడుతోందేమోనన్నంత గట్టిగా వినపడుతోంది.

తొమ్మిదో పేజీ వచ్చింది. నీలం గీత కింద మాస్టారి గుండ్రటి అక్షరాలు చెక్కుచెదరలేదు. గీత తర్వాత వాక్యం: ‘ఆ తరువాత మన శాలకు విద్యుద్దీపాలు వచ్చాయి.’

కుక్కుటేశ్వరరావు గారు ఆగి, వింగు వైపు కొంచెం చెవి వంచారు.

“ఈ శాలలో అయిదేళ్ళు రాణి వేషం కట్టింది జగదాంబ గారు,” అని అందించాడు లోవరాజు.

ఆయన పెదవులు అలవాటుగా కదిలాయి. మాట బయటికి రాలేదు. శుక్లాల కళ్ళు వింగు వైపు తిరిగాయి.

“తరువాతది చెప్పరా,” అన్నారు గొంతు తగ్గించి. ఎంత తగ్గించినా మైకు పట్టుకుంది. నేలలో ఎవరో నవ్వారు.

“ఈ శాలలో అయిదేళ్ళు రాణి వేషం కట్టింది జగదాంబ గారు,” అన్నాడు లోవరాజు మళ్ళీ, ఈసారి ముందు వరసకి వినపడేట్టు.

మాస్టారి కలం ఆగింది. ఆఫీసరు తలెత్తి, మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని చూస్తున్నాడు. కుక్కుటేశ్వరరావు గారు జేబురుమాలు తీసి నుదురు అద్దుకున్నారు.

“ఆ తర్వాత... ఆ తర్వాత మన శాలకి...” అన్నారు. ఏమొచ్చిందో ఆయనకి గుర్తు రాలేదు. వింగు వైపు ఒక అడుగు వేసి, పళ్ళ మధ్య నుంచి అన్నారు, “పేజీ తిప్పరా వెధవా.”

లోవరాజు లేచి నిలబడ్డాడు. ముక్కాలిపీట పక్కకి పడింది. మూడోసారి ఆ మాట అనేటప్పుడు గొంతు మధ్యలో చీలింది, బొంగురుగా, మొరటుగా, నాటకానికి ఎందుకూ పనికిరాని గొంతు. అయినా బెంచీలు దాటింది. “ఆ రోజు ఆవిడ తాగి రాలేదు, నేనే మాట అందివ్వలేదు,” అని కూడా అంది ఆ గొంతు. అది కాగితంలో లేదు.

స్టేజీ మీద కుక్కుటేశ్వరరావు గారు నోరు కొద్దిగా తెరుచుకుని, చేతులు వేలాడేసి, మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. నేలలోంచి ఈల రాలేదు, మూతలు పడలేదు. చీకట్లో ఎక్కడో ఒక గాజు మరో గాజుకి తగిలింది.

లోవరాజు బొటనవేలు తొమ్మిదో పేజీ మూల మీద ఉంది. చెమటకి నీలం పెన్సిలు కరిగి వేలికి అంటుకుంటోంది. వేలు కదల్లేదు.