కాగితం మీద అరవై

అరబ్బు దేశంలోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నిసార్ నడిపే దుకాణానికి అరబీలో పొడుగాటి పేరొకటి ఉంది. జగిత్యాల నుంచి పనికొచ్చినవాళ్లకు దానితో పనిలేదు. వాళ్లకది కాగితాల దుకాణం. పర్మిట్ గడువు దగ్గరపడినవాడు, కార్డు పోగొట్టుకున్నవాడు, పెళ్లాన్ని నెల రోజులకు రప్పించుకోవాలని ముచ్చటపడేవాడు, అందరూ ఆ మెట్లెక్కాల్సిందే. చిన్నాచితకా కంపెనీలు కూడా తమ పనివాళ్ల రెన్యువల్స్ అతనికి అప్పజెప్పి నిశ్చింతగా ఉంటాయి. నలభై ఏళ్లుగా ఫారాలు నింపుతున్న చెయ్యి అది. ఏ గడిలో ఏం రాయాలో దానికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఏప్రిల్‌లో అతని సొంత కాగితాలు కూడా గడువుకొచ్చాయి. వ్యాపార లైసెన్సు, దాని ఆధారంగా ఉన్న తన వీసా. ఊరందరికీ చేసిపెట్టే పని తనకు చేసుకోవాలంటే మాత్రం నిసార్‌కు భలే బద్ధకం. భార్య మలికా నాలుగు రోజులు పోరాక ఒక పొద్దున కూర్చుని, దుకాణం అద్దె ఒప్పందం, పాస్‌పోర్టు, ఫొటో అన్నీ కంప్యూటర్లో ఎక్కించి, టీ చల్లారేలోపు పంపేశాడు. వయసు గడిలో యాభై తొమ్మిది కనబడితే కాస్త ముఖం చిట్లించాడు, అంతే. సొంత దుకాణం ఉన్నవాణ్ని వయసెంతని నిలదీసేవాళ్లు లేరు.

తర్వాత టైల్స్ కంపెనీ పంపిన కట్ట విప్పాడు. పదకొండు మంది మేస్త్రీల పాస్‌పోర్టు నకళ్లు. పదింటి మీద మేనేజర్ సంతకం ఉంది. పదకొండో దాని మీద పసుపు చీటీ అంటించి ఉంది. జూలైలో అరవై నిండుతాయి, రెన్యువల్ వద్దు, మే నెలలో పర్మిట్ అయిపోగానే క్యాన్సిల్ చేయించమని రాసి ఉంది. ఆ నకలు జగిత్యాల ముత్యానిది.

నిసార్ ఆ చీటీ మళ్లీ చదివాడు. ముత్యానికి అరవై ఎక్కడివి? యాభై నాలుగు. ఆ సంగతి ఈ దేశంలో ముత్యం కాక ఇంకొక్కడికే తెలుసు. తెలియకేం, ఆ ఆరేళ్లూ కలిపి రాసింది తన చెయ్యే.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో నిసార్ జగిత్యాల బస్టాండు ఎదురుగా ఒక ఏజెంటు దగ్గర ఫారాలు నింపేవాడు. ఇరవై రెండు నిండనివాణ్ని పంపేది లేదని ఏజెంటు మాట. వచ్చేవాళ్లకేమో పుట్టిన తేదీ అంటూ ఒకటి ఉండేది కాదు. పెద్ద వాన పడ్డ ఏడు, ఎర్ర ఆవు ఈనిన ఏడు అని చెప్పేవాళ్లు. అందుకని నిసార్ అందరికీ జూలై ఒకటో తారీఖే వేసేవాడు, ఏడు మాత్రం ఏజెంటుకు నచ్చేట్టు రాసేవాడు. ఆ బస్టాండు నుంచి అరబ్బు దేశాలకు బయల్దేరిన వాళ్లలో సగం మంది ఒకే రోజు పుట్టినట్టు లెక్క. పదహారేళ్ల ముత్యం బల్లకు అటువైపు కూర్చుని, మూతి మీద లేని మీసాన్ని తడుముకుంటుంటే, నిసార్ నవ్వుతూ ఒకటి, ఏడు, అరవై ఆరు అని రాసేశాడు. అప్పుడది ఉపకారం. ఏజెంటు దగ్గర శభాష్ అనిపించుకున్న పని కూడా.

ఇప్పుడా రాత ముత్యం నోటి దగ్గరి కూడు లాగేస్తోంది.

ఆ మధ్యాహ్నమే కంపెనీలో కాగితాలు చూసే ముఖేష్‌కు ఫోన్ చేశాడు. ఇది సర్కారు చట్టం కాదని, కంపెనీ పద్ధతని, మేనేజర్ తలుచుకుంటే రెండేళ్లు పెంచొచ్చని ముఖేష్ చెప్పాడు. ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసిస్తే ఒకమాట అడిగి చూడమన్నాడు. ఆ మాత్రం ఆశ దొరికితే నిసార్ ఆగే మనిషి కాదు. శుక్రవారం సెలవు చూసుకుని ముత్యాన్ని కారెక్కించుకుని సల్మానియా దగ్గరున్న ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరు నాదియా హైదరాబాదు అమ్మాయి. ముత్యం రక్తపోటు రెండుసార్లు చూసింది. మోకాళ్లు వంచమంది, వంచాడు. గొంతుక్కూర్చుని లెమ్మంది, చెయ్యి ఆనించకుండా లేచాడు. ఆమె కాగితం వంకా మనిషి వంకా మార్చి మార్చి చూసింది.

"మీకు అరవయ్యా? మా నాన్నకు యాభై ఎనిమిది, మెట్లెక్కలేడు. ఏం తింటారండీ మీరు?"

"ఏం లేదు మేడం. జొన్నరొట్టె," అన్నాడు ముత్యం తల దించుకుని. నిసార్ గోడమీది క్యాలెండరు చదవసాగాడు.

ఆమె సంతోషంగా ఫిట్ అని రాసి, కింద ఇంకో వాక్యం కూడా తనంతట తానే చేర్చింది. అరవై ఏళ్ల మనిషికి ఇంతటి ఆరోగ్యం అరుదని. ఆ కాగితం చూసుకుని నిసార్ మురిసిపోయాడు. ఇంకేం, పనైపోయినట్టే అనుకున్నాడు.

పని కాలేదు. మేనేజర్ మంచివాడే. ఆఫీసుకు వెళ్లిన నిసార్‌కు ఖర్జూరాలు పెట్టాడు, కాఫీ పోయించాడు, కాగితం రెండుసార్లు చదివాడు. ముత్యం వేసిన గోడలో గీత వంక పోవడం తానెన్నడూ చూడలేదన్నాడు. కానీ ఒక్కడికి పెంచితే రేపు ఇంకో నలుగురు వస్తారని, కాదనడానికి తన దగ్గర మాట ఉండదని అన్నాడు. "పాస్‌పోర్టులో ఏ తేదీ ఉంటే నాకదే తేదీ," అని చెప్పి లేచి నిలబడ్డాడు.

నిసార్ నోటిదాకా వచ్చింది. ఆ తేదీ అబద్ధం సార్, నేనే రాశాను అని. ఆ ఒక్క మాటతో ముత్యం మళ్లీ యాభై నాలుగేళ్లవాడైపోతాడు. దాంతోపాటు ముప్పై ఎనిమిదేళ్ల పాస్‌పోర్టులు, వీసాలు, పర్మిట్లు, కార్డులు అన్నీ అబద్ధమైపోతాయి. పని పోవడంతో తీరేది కాస్తా కేసుదాకా పోతుంది. నిజం చెప్పడానికి వీల్లేని చోట నిలబడి, షుక్రన్ అని కృతజ్ఞత చెప్పి బయటికొచ్చాడు. కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. తన కుడిచెయ్యి మీద అతనికి అసహ్యం పుట్టింది.

దారంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టాడు. తన దుకాణం లైసెన్సు మీద ఒక మనిషిని పెట్టుకునే వీలుంది. అన్న కొడుకు బాసిత్‌ను రప్పించాలని ఏడాదిగా అనుకుంటున్న చోటది. మలికా అలుగుతుంది, అన్న మాట్లాడడం మానేస్తాడు. కానివ్వు అనుకుని కారును జల్లాఖ్ వైపు తిప్పాడు.

సముద్రం పక్కన కడుతున్న రిసార్టులో ముత్యం స్నానాల గది గోడకు టైల్స్ వేస్తున్నాడు. మోకాళ్లకు తొడుగులు, చెవి మీద పెన్సిల్. నిసార్ బోర్లించిన బకెట్ మీద కూలబడి, మేనేజర్ కుదరదన్నాడని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, మనసులో ఉన్నదీ కక్కేశాడు.

"ఇదంత నా వల్లనే ముత్యం. గా తారీఖు రాసింది నేనే. నీకు యాదికున్నదో లేదో."

"ఎందుకు లేదు భాయ్? నీ ముంగటనే కూసున్న గద. నల్లసిర పెన్ను. రాసుకుంట నవ్వినవ్ గూడ."

ముప్పై ఎనిమిదేళ్లలో ఇద్దరూ ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. అతను మరిచిపోయాడనే నిసార్ ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాడు.

"నా దుకాన్ల ఒక జాగ ఉన్నది. నా పేరు మీద పర్మిట్ తీస్త. ఇంక ఆరేండ్లు ఎవడు అడిగెటోడు లేడు నిన్ను."

"నీ దుకాన్ల నేనేం జెయ్యాలె?"

"ఏముంటది, జిరాక్సులు తియ్యి, చాయ్ పెట్టు. ఊకె కూసున్నా సరే."

ముత్యం నవ్వాడు. తడిబట్టతో టైలు అంచు తుడిచాడు. "ఈ చేతులతోని జిరాక్సులా? వద్దు భాయ్. గా జాగ మీ బాసిత్‌కే ఉండనీ. ఇంటికాడ ఆధార్ల నాకు యాభై నాలుగే. రాత్రి మా ఇంటిది భీమవ్వకు ఫోన్ల చెప్పిన. ముసలోన్నని ఎల్లగొడుతున్నరే అంటె, ఈడికొస్తె వయసుకొస్తవ్, తొందరగ రా అన్నది. జగిత్యాలల ఎటు జూసినా ఇండ్లే కడుతున్నరట. టైల్స్ పని దొర్కదా నాకు?"

"దొరుకుతది. కానీ నేను నీ ఆరేండ్లు తిన్న ముత్యం. నాకు తిన్నది అరుగుతలేదు."

ముత్యం చేతిలో పట్టిన టైలును పక్కన పెట్టేశాడు. చేతులు పాత లుంగీ గుడ్డతో తుడుచుకుని, వచ్చి నిసార్ ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు.

"నువ్వు తినలేదు భాయ్. ఒక లెక్క జెప్త ఇను. నువ్వు నిజం రాస్తె నేను ఎప్పుడు పోదును? ఇరవై రెండు నిండినంక. తొంభై నాలుగుల. అవునా?"

"అవును."

"తొంభై నాలుగు ఎండకాలంల మా అమ్మ సచ్చిపోయింది. గుండె బీమారి ఆమెకు, నేను చిన్నగున్నప్పటి సంది ఉన్నది. నేను పంపిన మందుగోలీలతోనే గా ఆరేండ్లు ఎల్లదీసింది. మూడుపూటల అన్నం తిన్నది, మంచం మీద పండుకున్నది. నీ పెన్ను సక్కగ రాసుంటె, నా కొడుకు సంపాయించిండు అనుకోకుండనే పోతుండె."

నిసార్ కళ్లు ధారకట్టాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. ముత్యం అతని భుజం మీద చెయ్యేసి ఒక నిమిషం అలాగే ఉంచాడు. చేతికి మిగిలిన తెల్లసిమెంటు నిసార్ చొక్కాకు అంటింది.

"టికెట్ ఎన్నడు జెయ్యమంటవ్?" అని అడిగాడు నిసార్.

ముత్యం లేచి గోడవైపు చూసుకున్నాడు. ఇంకా మూడు వరుసలు మిగిలి ఉన్నాయి, పక్కగది మొదలే పెట్టలేదు.

"మే పదిదాంక డ్యూటీ ఉన్నది గద. పదకొండుకు చెయ్యి," అన్నాడు.