గోతి మెడలో గంట

దారాన్ని నోట్లో పెట్టి తడిపి, గోతి అంచున పాతిన పుల్లకు రెండు చుట్లు చుట్టాడు గంటబాబాయి. అక్కణ్ణుంచి రెండడుగులు వెనక్కి నడిచి, నేలలో గుచ్చిన సన్నని బెత్తం కొనకు దాన్ని బిగించి కట్టాడు. బెత్తానికి ఇత్తడి గంట వేలాడుతోంది. మేకపిల్లల మెడలో వేసే చిన్న గంట. దారాన్ని వేలితో మీటితే టింగుమంది.

"పిల్లి మెడలో గంట కట్టేవాడు ఇంతవరకూ పుట్టలేదు గానీ, గోతి మెడలో కట్టిన మొనగాడు మా బాబాయే!" అన్నాడు జీపు డ్రైవరు. ఈ మాట ఆరేళ్ళుగా ప్రతి ఇసుక గోతి దగ్గరా అంటున్నాడు.

"నువ్వు మాత్రం జీపు నీడ వదిలి రాకు. అరిగిపోతావ్," అన్నాడు బాబాయి. ఆయనా ఆరేళ్ళుగా ఇదే జవాబు చెబుతున్నాడు.

ఆయన ఉద్యోగం గోతులు తవ్వడం. నేల సర్వే ఆఫీసువాళ్ళు ఏ చోటు చూపిస్తే అక్కడ నిలువుగా, అద్దం చెక్కినట్టు గోడలు తీసి గొయ్యి తవ్వి పెట్టాలి. ఆఫీసర్లు దిగి, పొరలు చూసి, రాసుకుని వెళ్ళిపోతే మళ్ళీ పూడ్చాలి. ఇరవై ఎనిమిదేళ్ళలో తవ్వినవన్నీ పూడ్చేశాడు కాబట్టి చేసిన పని చూపించమంటే ఆయన దగ్గర ఏమీ లేదు. చేతుల కాయలు తప్ప.

ఎర్రమట్టిలో, నల్లమట్టిలో గంట అక్కర్లేదు. ఏటి ఇసుకలోనే కావాలి. ఈ ఏరు నాలుగేళ్ళకోసారి వస్తుంది. వచ్చినప్పుడు గట్లు దాటి పారి, వెళ్తూ వెళ్తూ ఒక పొర ఇసుక పరిచిపోతుంది. పైన వాన లేదు, కింద పట్టు లేదు. ఎన్ని నీళ్ళు పోసినా జల్లెడలో పోసినట్టే. అయితే ఆ ఇసుకకో గుణం ఉంది. తడి ఉన్నంతసేపు గోడలా నిలబడుతుంది, ఆరిందంటే నీళ్ళలా జారుతుంది. పొద్దున తవ్విన గోడ మధ్యాహ్నానికి అదే గోడ కాదు. బాబాయి కొత్తగా చేరిన రోజుల్లో తోటి మనిషి ఒకడు ఛాతీ లోతు గోతిలో నవ్వుతూ మాట్లాడుతూనే పోయాడు. కూలేముందు అంచు గింజంత జరిగింది. పైన నిలబడి అది చూసింది బాబాయి ఒక్కడే. చూశాడు గానీ అదేమిటో అర్థం కాలేదు. మర్నాడే గంట కొన్నాడు.

అంచు గింజంత జరిగినా దారం లాగుతుంది, గంట మోగుతుంది. ఒకటే చిక్కు. తడి దారం బిగుసుకుంటుంది, ఎండితే వదులవుతుంది. అందుకే అరగంటకోసారి మళ్ళీ బిగించాలి. గోతిలో ఉన్నా ఆయన చూపు పైనే ఉండేది. తెల్లటి ఇసుక మీద ఎర్రదారం ఏమాత్రం వేలాడినా కనిపెట్టేసేవాడు.

ఈరోజు దారం తెల్లది.

నిన్న సాయంత్రం ఎర్ర దారపు ఉండ అయిపోయింది. ఆయన భార్య ఇంట్లోనే మిషను కుడుతుంది. ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నే.

"ఎర్రది రేపు తెప్పిస్తానండీ. తెల్లదైతే ఉంది, పనికొస్తుందా?" అని అడిగింది మిషను ఆపి.

"దారానికి రంగుతో పనేముంది?" అన్నాడు.

పని ఉంది. ఏడాదిగా ఆయన ఎడమకంటికి పొర కమ్మింది, కుడికన్ను కూడా దాని దారే పట్టింది. ఆ మాట పైకి అన్నాడంటే ఆఫీసులో స్టూలేసి కూర్చోబెడతారు. ఫైళ్ళు మోయిస్తారు. తెల్లదారం వద్దంటే ఎందుకు వద్దని ఆవిడ అడుగుతుంది. అడిగితే ఈయనకు అబద్ధమాడటం రాదు. అందుకని ఉండ తీసి జేబులో వేసుకున్నాడు.

పది గంటలకు గొయ్యి ఛాతీ లోతుకు వచ్చింది. ఇసుకలో అంతకు మించి దిగాలంటే మెట్లుమెట్లుగా వెడల్పు చేసుకుంటూ తవ్వాలని రూలు. దానికి ఇంకో రోజు పడుతుంది. ఆఫీసరమ్మ గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూస్తోంది. చేరి ఏడాది కాలేదు. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసే ఆఫీసరు ఈమె ఒక్కతే కాబట్టి బాబాయికి ఆమె అంటే గురి.

"బాబాయ్, బంకమన్ను పొర ఇంకెంత లోతులో ఉంటుంది?"

అడుగు నుంచి పిడికెడు ఇసుక తీసి, ఉమ్మి తడిపి, అరచేతిలో ఉండ చేయబోయాడు. ఉండ కాలేదు గానీ వెంటనే విడిపోనూ లేదు. వేళ్ళకు నున్నగా తగిలింది.

"ఇంకో మూరలో ఉందమ్మా."

ఏటి పక్కన నలభై కుటుంబాలు పండ్లతోటలకు అర్జీ పెట్టుకున్నాయి. మనిషెత్తు లోపల బంకమన్ను ఉంటే ఇసుక మింగిన నీళ్ళు అక్కడ ఆగుతాయి, చెట్టు వేరు అందుకుంటుంది. లేకపోతే అర్జీ చెత్తబుట్టలోకే. రిపోర్టు రేపు వెళ్ళాలి.

"ఒక్క మూరే కదా... తవ్వగలవా? వద్దంటే చెప్పు, మానేద్దాం."

వద్దనాల్సింది. వేరే రోజైతే అనేవాడే. కానీ తవ్వగలవా అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. "తవ్వలేకేంటమ్మా," అని పార అందుకున్నాడు.

పదకొండున్నరకు పారకు మెత్తగా, బరువుగా ఏదో తగిలింది. అరచెయ్యి మందాన బూడిదరంగు పొర. "వచ్చేసింది!" అని బాబాయి అరిచిన అరుపుకు ఆమె నిచ్చెన మీంచి సగం దూకినట్టే దిగింది. డ్రైవరు నీళ్ళ కోసం జీపు వేసుకుని వెళ్ళాడు. పైన ఒక మనిషి ఉండి తీరాలి. బాబాయి ఎక్కబోయాడు.

"ఒక్క నిమిషం బాబాయ్, ఈ టేపు చివర పట్టుకో."

పట్టుకున్నాడు. ఆమె చాకుతో గోడ గీరుతూ, కొలత చదువుతూ, రాసుకుంటోంది. నిమిషం కాస్తా పది నిమిషాలైంది. అలవాటు కొద్దీ ఆయన పైకి చూశాడు. ఎండ భగ్గున కళ్ళలో పడింది. తెల్లటి ఇసుక, తెల్లటి ఆకాశం. దారం ఎక్కడా లేదు. ఉండే ఉంటుంది, గంట మోగలేదుగా అనుకున్నాడు.

గోడ పైభాగం వెలిసిపోయి ఉంది. తడి గీత పొద్దున అంచుకు జానెడు కింద ఉండేది, ఇప్పుడు ఆయన మెడ దాకా దిగింది. అక్కణ్ణుంచి చారెడు ఇసుక సర్రున జారి ఆయన భుజం మీద పడింది. ఊపిరి బిగబట్టి గంట కోసం విన్నాడు. ఏమీ లేదు. రెండోసారి జారడం మొదలైంది. అది ఆగలేదు.

అప్పుడు అర్థమైంది బాబాయికి. దారం ఎండి చాలాసేపయింది. అంచు ఎంత జరిగినా అది వదులుగా వేలాడుతూ ఉంటుంది తప్ప గంటను కదపదు. చెవులప్పగించి తను ఎదురుచూస్తున్నది మోగని గంట కోసం.

"అమ్మా, పైకెక్కండి."

"అయిపోయింది బాబాయ్, ఈ ముక్క ఒక్కటి తీసి..."

"ఎక్కు తల్లీ!"

ఆయన గొంతు అలా ఉండగలదని ఆమెకు తెలియదు. బంకమన్ను ముక్క పిడికిట్లోనే ఉంది. నిచ్చెన మీద కాలు పెట్టగానే దాని కాళ్ళు ఇసుకలో దిగబడి అది పక్కకు ఒరిగింది. ఏటి ఇసుకలో నిచ్చెన ఒకరు అదిమి పట్టుకుంటేనే ఇంకొకరు ఎక్కగలరు. బాబాయి వంగి, రెండు చేతులతో, ఛాతీతో దాన్ని అదిమి పట్టాడు. ఛాతీ లోతు గోతికని చేయించిన నిచ్చెన మూరెడు పొట్టిదైంది. ఆమె రెండో కాలు ఆయన భుజం మీద పడింది.

"తొక్కండమ్మా, పర్లేదు. తొక్కండి."

ఆమె గట్టు మీద బోర్లా పడి, చెయ్యి అందిద్దామని వెనక్కి తిరిగింది. గంట ఒకే ఒక్కసారి మోగింది. తర్వాత అక్కడ గొయ్యి లేదు, బెత్తం లేదు, గంట లేదు.

ఆమె చేతులతో తోడింది. జీపు తిరిగొచ్చాక డ్రైవరు పారతో తోడాడు. తోడినంతా మళ్ళీ వచ్చి పడుతోంది. "బాబాయ్, గంట కొట్టు బాబాయ్, గంట కొట్టు," అంటూ ఏడుస్తూ తోడాడతను. బాబాయిని తీసేసరికి ఎండ వాలింది. చేతులు నిచ్చెనను ఇంకా వదల్లేదు.

అర్జీ తర్వాత పాసయింది. ఆమె పిడికిట్లో పైకి వచ్చిన మట్టి ముక్క బంకమన్నేనని లాబ్‌లో తేలింది.

గోడ కూలిన మర్నాడు సాయంత్రం ఆఫీసరమ్మ, డ్రైవరు కలిసి బాబాయి ఇంటికి వెళ్ళి ఆయన తువ్వాలు, చెప్పులు, గంట ఇచ్చారు. పిన్ని వాటిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"మోగలేదా?" అని అడిగింది.

"మోగింది పిన్నీ. ఆలస్యంగా," అంది ఆఫీసరమ్మ.

"తెల్లదారం నేనే ఇచ్చానమ్మా. ఆయనకి చూపు ఆనట్లేదని నాకు తెలుసు. సూదిలో దారం ఎక్కించివ్వమంటే నెల్లాళ్ళుగా ఏదో పనుందని లేచి వెళ్ళిపోయేవారు. ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారని."

వాళ్ళు వెళ్ళాక గంటను తీసి మిషను బల్ల మీద పెట్టింది. దాని నోటి నిండా తడి ఇసుక కూరుకుపోయి ఉంది. ఊపి చూసింది. మోగలేదు. పిన్నుతో గీరి తీసెయ్యవచ్చు గానీ చెయ్యి రాలేదు, అలాగే పక్కకు ఒరిగించి వదిలేసింది.

నాలుగో రోజు పొద్దున ఆవిడ మిషను దగ్గరికి వచ్చేసరికి ఇసుక ఆరి దానంతటదే జారిపోయింది. బల్ల మీద చిటికెడు తెల్లని కుప్ప, దాని పక్కనే కొత్త ఎర్ర దారపు ఉండ, రెంటి మధ్యా ఖాళీ నోటితో ఇత్తడి గంట.