నొప్పికి బొట్టు

కెటమిన్ మత్తుమందు చుక్కలు చేతి నరంలోకి దిగుతుండగా నా కుడికాలు మంచం దిగి, కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుంటుంది. కూర్చుని ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

"కాలు దూరంగా వెళ్ళినట్టుందా, తరళా?" అని డాక్టర్ ఎస్తేరు గారు అడుగుతారు.

"కుర్చీలో ఉందండి."

"మంచిది. అక్కడే ఉండనీ," అని ఆవిడ నా నాడి పట్టుకుని తెర మీది గీతలు చూస్తారు.

కాలు వెళ్ళిపోయాక మంచం మీద నొప్పి ఒక్కతే మిగులుతుంది. ఈ నొప్పిది అమ్మ వయసే. ఖోఖోలో నా మడమ మెలిక పడ్డప్పుడు చుట్టపుచూపుగా వచ్చింది. వాపు తగ్గినా కదల్లేదు. అప్పటినుంచీ కాలి మీద దుప్పటి వేసినా మంట, ఫ్యాను గాలి తగిలినా మంట. గాజుల చప్పుడుకి కూడా మండుతోందంటే అమ్మ తన ఆకుపచ్చ గాజులు తీసి పెట్టెలో పెట్టేసింది. ఇప్పుడవి ఈవిడ చేతికున్నాయి. బళ్ళో టీచరు మాత్రం నావన్నీ నాటకాలంటారు. అమ్మ నా పాదం ముట్టుకుని రెండేళ్ళయింది. ఈవిడ పోతే, అమ్మ చేత ఒక్కసారి పాదం పట్టించుకోవాలని ఉంది.

నొప్పి దిండు కింద నుంచి సంచీ తీసి బట్టలు సర్దుకుంటుంది.

"ఉండడానికి చోటు లేదు కదండీ. ఇంక బయల్దేరతానండి," అంటుంది.

డాక్టరు గారు అమ్మని పక్కకి పిలుస్తారు. "ఇలా వెళ్ళినవాళ్ళు ఒక్కోసారి మళ్ళీ వస్తారమ్మా. మీరు మాత్రం ఏ మర్యాదా చెయ్యొద్దు."

"అయ్యో, నేనెందుకు చేస్తానండీ," అంటుంది అమ్మ.

అని, కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతుంది. నొప్పి గుమ్మం దాకా వెళుతుంది. గుమ్మం దగ్గర ప్రయాణమైన ఆడమనిషి కనబడగానే అమ్మ చెయ్యి దానంతటదే చేతిసంచీలోకి పోయి కుంకుమభరిణె తీస్తుంది. వద్దని అరవాలి. నా గొంతు ఇంకా కింది అంతస్తు మెట్లెక్కుతూ ఉంది. అమ్మ నొప్పి నుదుట బొట్టు పెడుతుంది.

"వెళ్ళి రండి," అంటుంది. అన్నాక నాలిక కరుచుకుంటుంది.

నాకు అమ్మ మీద ఒళ్ళు మండుతుంది. ఇంత మంచితనం ఎవరడిగారు?

"అంతగా పిలిచాక రాకుండా ఎలా ఉంటానండీ," అని నొప్పి వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటుంది. అక్కడ అప్పటికే చాలామంది ఆడవాళ్ళు ఒళ్ళో సంచీలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు పక్క గదుల్లోని పిల్లల నొప్పులు. అందరి నుదుటా తాజా బొట్టు ఉంది. అమ్మలందరూ ఒక్కలాంటి వాళ్ళే.

అమ్మ కొంగు తడుపుకుని వెళ్ళి ఆ బొట్టు తుడుస్తుంది. ఆడమనిషి నుదుటి బొట్టు తుడవడం మా ఇళ్ళల్లో కలలో కూడా చెయ్యరు. అమ్మ ఏడుస్తూ తుడుస్తుంది. తుడిచేకొద్దీ ఎరుపు ఎక్కువై, కొంగు దాటి, చేతులు దాటి, గచ్చు మీద పారుతుంది. బెంచీ మీది వాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకుంటారు.

ఎరుపు గదిలోకి వస్తుంది. నా కాలు కుర్చీ దిగి, పారాణి పెట్టుకున్నట్టు అందులో పాదం ముంచుకుంటుంది. తర్వాత గోడెక్కి, పైకప్పు మీదుగా ఎర్రటి అడుగులు వేసుకుంటూ నా వైపు నడిచి వస్తుంది. అన్నీ కుడి అడుగులే.

కాలు వెళ్ళిపోయిన చోట, నా మోకాలి కింద చిన్న తలుపుంది. దాన్ని మూసి గడియ పెడతాను. కాలు బయట నుంచి తడుతుంది.

"ఒక్కదానివేనా?" అని అడుగుతాను. గొంతు ఇప్పటికి వచ్చింది.

కాలు మళ్ళీ తడుతుంది. దాని వెనక గాజులు గలగలమంటాయి. అమ్మ వాటిని లాక్కుని వేసుకుందో, ఇంకా నొప్పి చేతికే ఉన్నాయో. గడియ మీద చెయ్యి పెట్టి, మంట వస్తుందో రాదో అని ఎదురుచూస్తాను.