ముగ్గురెక్కితే మూడు మిల్లీమీటర్లు

"టైరు పేలిన రోజు కారులో ఎవరెవరున్నారో వాళ్లంతా రావాలి. ఒక్క మనిషి తగ్గినా నేను కారు ముట్టుకోను."

ఫోన్లో అంతే చెప్పి పెట్టేశాడు, దారం కట్టి కారు చక్రాల వరస సరిచేసే దారం తాత.

తమ్ముడికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆ రోజు కారులో ఉన్నది ముగ్గురు. తను, అక్క, బావ. బావ సంగతి సరే, ఎక్కడికి రమ్మన్నా వస్తాడు. చిక్కంతా అక్కతోనే.

వారం క్రితం ఫ్యాక్టరీ గోడ పక్క వంపులో ముందు ఎడమ టైరు ఢామ్మని పేలింది. కారు గిర్రున తిరిగి, రెయిలింగుకి జానెడు దూరంలో ఆగింది. అక్క అరవలేదు, తిట్టలేదు. ఒళ్లో ఉన్న స్కూలు యూనిఫారాల మూట చంకన పెట్టుకుని, తలుపు తీసుకుని, నడిచి వెళ్లిపోయింది. సాయంత్రం ఒకే ఒక్క మాట అంది.

"ఇంక నీ కారెక్కనురా."

అక్క టైలరు. ఒకసారి కత్తెర వేశాక గుడ్డ అతకదని ఎరిగిన మనిషి. మాట కూడా అంతే. కారు కొన్న రోజు సీట్లకి కవర్లు కుట్టింది తనే. ఆ ముందు సీటు వారంగా ఖాళీ. పక్కన అక్క లేకుండా నడుపుతుంటే తమ్ముడికి కారు పరాయిదనిపిస్తోంది. ఆమె మళ్లీ ఎక్కాలి. అంతకు మించి అతనికేం అక్కర్లేదు.

బతిమాలగా బతిమాలగా అక్క వచ్చింది. బస్సులో వచ్చింది.

రేకుల షెడ్డు. సిమెంటు నేల అద్దంలా చదునుగా ఉంది. మధ్యలో తమ్ముడి నీలం కారు, అతను సరదాపడి స్ప్రింగులు దింపించడంతో నేలకి నాలుగు వేళ్ల ఎత్తున పడుకున్నట్టు ఉంది. అక్క దాన్ని ఎగాదిగా చూసింది.

"బండి కొన్నావా, నేల తుడిచే గుడ్డ కొన్నావా?"

"ఒసేయ్, వాడి సరదా వాడిది," అన్నాడు బావ.

"ఆ సరదా మీ మెడ మీదకొచ్చినప్పుడు మీరు కళ్లు మూసుకుని 'అమ్మా' అన్నారు. నేను విన్నాను."



తమ్ముడు గబగబా జేబులోంచి కాగితాలు తీశాడు. "తాతగారూ, రెండు చోట్ల అలైన్‌మెంటు మెషీన్ మీద పెట్టించాను. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయని పచ్చగానే వచ్చాయి. అయినా నాలుగు నెలలకో జత టైర్లు పోతున్నాయి."

దారం తాత కాగితాల వైపు చూడనైనా లేదు. పేలిన టైరుని గోడకి ఆనించి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అరచెయ్యి టైరు మీద అడ్డంగా పోనిచ్చాడు. మళ్లీ వెనక్కి తెచ్చాడు. ఒకవైపు పోతుంటే నున్నగా జారుతున్న చెయ్యి, తిరిగొస్తుంటే గరగరమంటోంది. రంపం పళ్ల మీద పోతున్నట్టు.

"స్పీడ్ బ్రేకర్ వస్తే బండిని ఏటవాలుగా ఎక్కిస్తావు," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ప్రతిసారీ ఎడమ చక్రమే ముందు."

తమ్ముడు కాగితాలు మడిచేశాడు. నిజమే. తిన్నగా ఎక్కిస్తే కారు కడుపు గీరుకుంటుంది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఒక్కడివే ఉన్నప్పుడు స్టీరింగు వెన్నలా ఉంటుంది. వీళ్లెక్కితే బండి రోడ్డు మీద ఎటో వెతుక్కుంటున్నట్టు ఉంటుంది."

"మీకెలా..."

"నాకు కాదు, దీనికి తెలుసు. ఇది పోయిన ప్రతి గజమూ ఒంటి మీద రాసుకుంది."

తాత లేచి, కారు స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పాడు. పేలిన టైరుకి జోడీ ఇంకా కుడివైపే ఉంది. బయటి అంచు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. లోపలి అంచు మీద లైటు వేశాడు. రబ్బరు లేదు. చిరిగిన కాలరులోంచి లోపలి కాన్వాసు గుడ్డ బయటపడ్డట్టు, సన్నటి ఉక్కు తీగలు తళుక్కుమన్నాయి.

తమ్ముడు ఇవాళ పొద్దున కూడా దీని మీదే వచ్చాడు.

"మనం చూసేది బయటి అంచు. బండి తినేది లోపలిది," అన్నాడు తాత.

చక్రాల కింద గ్రీజు పూసిన జంట రేకులు పెట్టాడు, చక్రం ఎటు కావాలంటే అటు తేలిగ్గా జరిగేలా. కారుకి రెండు పక్కలా, చక్రాల నడిబొడ్డు ఎత్తులో, ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్లటి దారం బిగించాడు. స్టీలు స్కేలుతో దారం నుంచి రిమ్ము ముందు అంచుకి కొలిచాడు. తర్వాత వెనక అంచుకి. రెండూ ఒకటే.

"చూశారా! మెషీన్ కూడా అదే చెప్పింది," అన్నాడు తమ్ముడు.

"మెషీన్ అబద్ధం చెప్పదు బాబూ. ఖాళీ బండి సంగతి అడిగితే ఖాళీ బండి సంగతి చెప్పింది." తాత ముందు సీటు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఇప్పుడు ముగ్గురూ ఎక్కండి."

అక్క కదల్లేదు.

"ఇసక మూటలు పెట్టొచ్చుగా?" అంది.

"పెట్టొచ్చమ్మా. కానీ మీరు కూర్చునే తీరు మూటకి రాదు."

అక్క దారం వైపు చూసింది. స్కేలు వైపు చూసింది. ఏదో తట్టినట్టు కనుబొమలు ముడేసింది.

"అంటే, జాకెట్టుని హ్యాంగరుకి తగిలించి కొలిచినట్టా ఇన్నాళ్లూ? మనిషి తొడుక్కోకుండా?"

"అంతేనమ్మా!" తాత మొహం విప్పారింది. "నలభై ఏళ్లుగా ఈ మాట చెప్పలేక చస్తున్నాను."

"బండి ఆగే ఉందిగా. కూర్చుంటాను. ఇది ఎక్కడం కిందకి రాదు," అంది తమ్ముడితో, ఎక్కుతూ.

బావ వెనక కూర్చోగానే కారు మూలిగింది. తాత తమ్ముడి వైపు తలుపు తెరిచే ఉంచి, స్కేలుని తమ్ముడి కళ్ల ముందుకి తెచ్చాడు. ముందు అంచు దారానికి దగ్గరగా జరిగింది. వెనక అంచు దూరం పోయింది. తేడా సరిగ్గా మూడు మిల్లీమీటర్లు. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ స్టీరింగు తిప్పలేదు. ముగ్గురు మనుషులు కూర్చున్నారు, అంతే. చక్రాలు రెండూ చెరో దిక్కుకి మొహం తిప్పుకున్నాయి.

"ఈ మూడు మిల్లీమీటర్లకి, కిలోమీటరు పోతే చక్రం ఏడు మీటర్లు పక్కకి ఈడ్చుకుపోతుంది," అన్నాడు తాత.

తమ్ముడు తలుపులోంచి వంగి దారం చూశాడు. రోజూ నడిపాడు, కడిగాడు, తుడిచాడు. తన కారు తను ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే తిన్నగా ఉంటుందని ఒక నూలు పోగు చెప్పాల్సి వచ్చింది.

"సరిచెయ్యగలరా?"

"చక్రాల మొహం తిప్పగలను. కానీ అవి పైన లోపలికి వాలి ఉన్నాయి. ముందు బండి రెండు వేళ్లు లేవాలి. స్ప్రింగుల కింద మర ఉంది, తిప్పితే చాలు. అయితే నీ బండి ఇప్పుడున్నట్టు కనబడదు. అది నీ ఇష్టం."

ఆ రెండు వేళ్ల కోసమే కదా, వీధి చివరి దాకా జనం తలలు తిప్పి చూసేది! తమ్ముడు పక్క సీటు వైపు చూశాడు. అక్క తిన్నగా ముందుకే చూస్తోంది, తలుపు పిడి గట్టిగా పట్టుకుని.

"మూడు వేళ్లు లేపండి," అన్నాడు.

గంటన్నర పట్టింది. మర తిప్పడం, మళ్లీ ముగ్గురూ ఎక్కడం, దారం చూడడం. తాత నట్టుని వెంట్రుకవాసి కదిపితే రిమ్ము అంచు కదిలేది. దారం ఒణికితే అందరూ ఊపిరి బిగబట్టేవారు. బావకి తుమ్మొస్తే అక్క చటుక్కున గిల్లింది. చివరికి, ముగ్గురి బరువుతో, ముందూ వెనకా ఒక్కటే కొలత. ముందుకి కొత్త టైర్లు పడ్డాయి.

"పరీక్ష ఉందా?" అంది అక్క.

"టైరు మీద అడ్డంగా సుద్ద గీత గియ్యండి. ముగ్గురితో వంద గజాలు తిన్నగా పోయి రండి. గీత చెబుతుంది."

అక్క సంచిలోంచి తను గుడ్డ మీద గీసే సుద్ద తీసింది. రెండు టైర్ల మీదా, ఈ అంచు నుంచి ఆ అంచుకి, మందంగా గీసింది. తనే ఎక్కి కూర్చుంది. తమ్ముడు కారుని మెల్లగా రోడ్డెక్కించాడు. స్టీరింగు మీద వేళ్లు ఆనీ ఆననట్టు ఉన్నాయి. కారు గీత గీసినట్టు పోయింది.

తిరిగొచ్చి ఆపగానే అక్క దిగింది. టైరు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లోపలి అంచు దగ్గర గీత ఎంత చెరిగిందో, బయటి అంచు దగ్గరా అంతే చెరిగింది. మధ్యలోనూ అంతే. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకే పలచటి తెలుపు. ఆమె వేలితో తడిమి చూసింది. రెండో టైరు కూడా చూసింది.

"నలభై ఏళ్లా తాతగారూ?" అంది చివరికి, మెల్లగా.

"నలభై రెండమ్మా."

అక్క చీర దులుపుకుని లేచింది. బావ అప్పటికే బస్టాపు వైపు రెండడుగులు వేశాడు.

"మీరెక్కడికి? ఎక్కండి, మీరు లేకపోతే కొలత తప్పుతుంది," అని, తమ్ముడి వైపు తిరిగింది. "ఫ్యాక్టరీ గోడ పక్క వంపు ఉందే, అటునుంచి పోనియ్. నిదానంగా."