మూడోసారికి నిలిచిన రంగు

పెళ్లై పద్దెనిమిది రోజులు. మా ఆయన యేసురత్నం తెల్లారే లేచి కట్టిచ్చిన డబ్బాలో ఉప్మాతోపాటు మామిడికాయ పచ్చడి కూడా ఉందని కాలేజీ మెట్ల మీదే మూత తీసి చూసుకున్నాను. ఆ సంతోషం ముఖం మీద ఉండగానే కెమిస్ట్రీ హెడ్ హిమాంశుబాబు పిలిచారు.

బల్ల మీద నేనిచ్చిన ప్రాక్టికల్ మార్కుల కాగితం ఉంది.

"శోనో, విను జెరూషా, అరుంధతికి ఇరవైకి పద్దెనిమిదా? రెండుసార్లు తప్పు చేసిందిగా. మొదటిసారి వచ్చినదానికే మార్కులు. ఇక్కడి పద్ధతి అది."

"మూడోసారి సరిగ్గా చేసింది సర్. నేర్చుకున్నదానికి వేశాను."

"మిగతా ఇరవై రెండుమందికి మార్కులే లేవు. 'మళ్లీ చేయాలి' అట."

మా ల్యాబ్‌లో సీనియర్ల రికార్డు ఒకటి చేతులు మారుతూ ఉంటుంది. బ్యూరెట్‌లో ఏం వచ్చినా అందరూ అందులోని అంకే రాస్తారు. ఈసారి అంకె మారేలా, ఎవరికీ చెప్పకుండా యాసిడ్ పలచన చేశాను. ఇరవై రెండు పుస్తకాల్లోనూ పాత అంకే. వాట్‌గంజ్ ఓడరేవు కూలీ కూర్మయ్య కూతురు అరుంధతికి మాత్రం ఆ రికార్డు ఎవరూ ఇవ్వలేదు. రెండుసార్లు చుక్క ఎక్కువై రంగు ముదిరింది. రాసింది కొట్టేసి మళ్లీ చేసింది. మూడోసారి లేత గులాబీ నిలిచింది.

అదే చెప్పాను.

"నాకు తెలియదనుకున్నావా? నేను చదివిందీ ఆ రికార్డులోంచే. కాగితం మార్చు. లేకపోతే వచ్చే టర్ముకి పార్ట్‌టైమ్ జాబితాలో నీ పేరుండదు. కొత్త పెళ్లికూతురివి, ఎందుకొచ్చిన గొడవ?"

"పేరు తీసేయండి సర్. కాగితం మార్చను."

ల్యాబ్ తలుపు మీద చీటీ అంటించాను: ఐదింటిదాకా ఎన్నిసార్లయినా చేయొచ్చు, కొట్టివేతలకు మార్కులు పోవు.

"నా వల్ల మీ ఉద్యోగం పోతాదేటండి?" అంది అరుంధతి.

"పోతే పోనీ. ముందు ఆ ఫ్లాస్కులు కడుగు."

సణుక్కుంటూనే పంతొమ్మిదిమంది వచ్చారు. ఒకడు రంగు ముదిరిన ఫ్లాస్కు పట్టుకుని, "మ్యామ్, ఇది నిజంగా ఇంత కష్టమా?" అన్నాడు.

"ఇంత కష్టమే. పారబోసి మళ్లీ చెయ్."

ఐదింటికి హిమాంశుబాబు గుమ్మంలో నిలబడి, కొట్టివేతలతో నిండిన పుస్తకాలు తిరగేశారు. వచ్చిన పంతొమ్మిదిమంది మార్కులూ నింపిన కాగితం, పెన్ను ఆయనకి అందించబోయాను. పెన్ను అందుకోకుండానే వెళ్లిపోయారు.

ఆయన సంతకం చోటు ఖాళీగానే ఉంచి కింద నాది పెట్టాను. కొత్త ఇంటిపేరుతో అది నా మొదటి సంతకం. కొంచెం పెద్దగానే పెట్టి, ఆఫీసులో నేనే ఇచ్చి వచ్చాను.