దాపట గిత్త

మా ఆయనకు అనుమానం వస్తే ముందు చెవి గోక్కుంటాడు, తర్వాత మా పుట్టింటి మీద పడతాడు. ఆ రోజు పొద్దున్నే చెవి ఎర్రగా కందిపోయి ఉంది.

“రత్నం, ఇది మన గిత్త కాదు,” అన్నాడు కొట్టం దగ్గర నిలబడి.

మాది కొల్లిపర పక్క పల్లె. మోకాలి ఆపరేషనై ఆయన మంచం దిగలేని రోజుల్లో మా తమ్ముడు పేరయ్య వచ్చి గిత్తను చెరుకుపల్లి తోలుకెళ్ళాడు. సంక్రాంతి ముందు నుంచి వానల దాకా వాడే మేపి, ముందురోజే తెచ్చి అప్పజెప్పాడు. చేబ్రోలులో బండలాగుడు పోటీ ఉందని ఈయన దానికి జోడీగా ఇంకో గిత్తను కొన్నాడు. తీరా కాడి ఎత్తితే మాది మెడ ఇవ్వలేదు. ఎడమ పక్క నిలబెడితే వెనక్కి నడిచింది, కొత్తదాన్ని తోసుకుంటూ కుడి పక్కకు పోయి బుద్ధిగా నిలబడింది.

“మనది దాపటది. ఇది ఎలపటది,” అన్నాడు.

తోలేవాడికి ఎడమ చేతి వైపు నడిచేది దాపటది, కుడి చేతి వైపుది ఎలపటది. కోడెకు కాడి నేర్పేటప్పుడు ఏ పక్క కడతారో ఆ పక్కే దానికి అలవాటైపోతుంది. మా నాన్న కాలంలో సంతకు వెళ్తే దాపటదా ఎలపటదా అని అడిగాకే పళ్ళు చూసేవాళ్ళు. ట్రాక్టర్లొచ్చాక ఆ మాటలు పోటీలవాళ్ళ నోళ్ళలోనే మిగిలాయి. మా ఆయన నోట్లో మరీ గట్టిగా మిగిలాయి.

“మీ తమ్ముడికీ ఒక గిత్త ఉందిగా. రెండూ ఒక తల్లి పిల్లలేగా. వాడిది మనకు తోలి, మనది కొట్టంలో కట్టేసుకున్నాడు.”

నాకు ఒళ్ళు మండింది. రెండూ మా పుట్టింటి ఆవు దూడలే, చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, నిజమే. కానీ కుడితి పెట్టేది నేను, ఒంటికి పట్టిన గోమార్లు ఏరేది నేను. ఈయనకు వాటి వీపు తప్ప ముఖం తెలీదు.

“మనదేనండి. నేను చెబుతున్నాగా,” అన్నాను.

“నువ్వు అట్లాగే చెబుతావులే. నీ తమ్ముడాయె.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. అమ్మానాన్న పోయాక పుట్టిల్లంటే నాకు వాడొక్కడే. వీళ్ళిద్దరి మధ్య మాట తెగితే ఇక నేను చెరుకుపల్లి బస్సెక్కే పనే ఉండదు. ఫోన్ చేసి అడుగుదామంటే వద్దన్నాడు, వాడు జాగ్రత్తపడతాడట. చెప్పాపెట్టకుండా వెళ్ళాలట.

తెనాలిలో బస్సు మారి వెళ్ళాం. మా మరదలు కరుణ కాఫీ తెచ్చేలోపే ఈయన కాళ్ళు కడుక్కునే వంకతో కొట్టంలో దూరాడు. కుంటుతూనే గిత్త చుట్టూ తిరిగాడు, కాడి తెచ్చి పక్కన పెట్టాడు. అది వచ్చి ఎడమ పక్క నిలబడింది.

“చూశావా, దాపటది!” అన్నాడు నాతో, దొంగను పట్టుకున్నంత సంబరంగా. వెనకే పేరయ్య ఉన్నాడు.

“ఏంటి బావా చూస్తున్నావు?”

“ఊరికేలే.”

వాడు నా ముఖం చూసి అంతా గ్రహించాడు. “నాదీ దాపటదే బావా. రెండూ దాపటవే అయితే బండెట్టా నడుస్తుంది? దీనికి పొగరు, మారదు. మీది నెమ్మదైంది. అందుకని మీదాన్ని ఎలపట కట్టా. మొదట్లో తిప్పలు పెట్టింది, తర్వాత అలవాటుపడింది.”

“నా గిత్తను నన్నడక్కుండానా?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

పరాయివాడి ఎద్దు పక్క మార్చడం మా వైపు చిన్న తప్పేం కాదు. పేరయ్య తల దించుకుని, “తప్పే బావా,” అన్నాడు. ఆ తలదించుకోవడం ఈయనకు ఇంకో రుజువైంది. తిరుగుబస్సులో రేపల్లె రోడ్డు పొడుగునా అదే సణుగుడు, దాపటది ఎక్కడన్నా ఎలపటదవుతుందా అని. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మా కొత్త గిత్తా ఎలపటదే. దాపట లేక ఈయన పోటీకి వెళ్ళేదెట్లా? తప్పు చేశానన్న బాధతో పేరయ్యే తన గిత్తను చిన్న లారీలో ఎక్కించుకుని చేబ్రోలు వచ్చాడు. ఒక తల్లి పిల్లలైన రెండు గిత్తలు, ఒకటి దాపట, ఒకటి ఎలపట. బండను గడ్డిమోపులాగా ఈడ్చుకుపోయాయి. జనం ఈలలు వేశారు. మొదటి బహుమతి మాకే వచ్చింది.

మైకులో జత ఎవరిదని అడిగారు. ఈయన మైకు అందుకుని, “నాదే! రెండూ నావే!” అన్నాడు. పేరయ్య తాడు అవతల జనంలో ఉన్నాడు. అంతా విన్నాడు.

కాడి దించి రెండింటికీ నీళ్ళు పోశారు. రెండింటి కొమ్ములకూ ఒకే రంగు, మెడల్లో ఒకేలాంటి పూసలు. లారీ తలుపు తీసి పేరయ్య వచ్చాడు. చుట్టూ జనం ఉన్నారు.

“బావా, నా గిత్తను ఎక్కించుకుంటా. మళ్ళీ మార్చానంటావేమో. నీది ఏదో నువ్వే పట్టుకో.”

మా ఆయన రెండింటి వైపూ చూశాడు. కాడి కింద అయితే చెప్పేసేవాడే. అవి విడివిడిగా తిరుగుతున్నాయి. చెవి గోక్కున్నాడు. నా వైపు చూశాడు. నేను చెబితే నమ్మని మనిషికి ఇప్పుడెందుకు చెప్పాలి? చివరికి ఒకదాని పగ్గం పట్టుకున్నాడు.

“అది నాది బావా,” అన్నాడు పేరయ్య మెల్లగా, ఆ పగ్గం తీసుకుని.

జనంలో ఎవరో నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. తన గిత్తను ఎక్కించి తలుపు బిగించాడు.

“ఇంటికొచ్చి అన్నం తిని వెళ్ళరా,” అన్నాను.

“వద్దక్కా,” అన్నాడు. ఎప్పుడూ ‘మళ్ళీ వస్తాలే అక్కా’ అనేవాడు.