పరదా చాటు శాక్సాఫోన్

జమ్మలమడుగు చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయించే జయకర్‌కు లోకంలో ఒక్క మనిషీ నచ్చడు. పాటకు చప్పట్లు కొట్టేవాళ్ళంటే చులకన. కొట్టనివాళ్ళంటే ఇంకా చులకన. అతని చిన్నప్పుడు, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే వాళ్ళమ్మ దేవకుమారి, దేశం వదిలిపోతూ డాక్టరు దొర ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు కొన్ని ఇంటికి తెచ్చింది. వాటి నిండా జాజ్ బ్యాలడ్లు. నిమ్మళంగా, దిగులు దిగులుగా సాగే పాటలు. మాట ఒక్కటీ అర్థం కాకుండానే జయకర్‌కు అవన్నీ కంఠతా వచ్చేశాయి. ఇక ఆనాటి నుంచి కడప జిల్లాలో తనొక్కడికే చెవులున్నాయని అతని నమ్మకం.

మద్రాసు నుంచి తెప్పించిన కొత్త కీబోర్డుతో ఆ నమ్మకం కాస్తా పొగరైంది. శాక్సాఫోన్ మీట నొక్కితే అచ్చం శాక్సాఫోనే. ఊదేవాడి నోటి తడి, నోట్లో పెట్టుకునే పీక వణుకు కూడా వినపడతాయి. "కండ్లు మూసుకోని ఇను. మనిషో మిషనో చెప్పు సూద్దాం" అని దొరికినవాణ్ణల్లా నిలదీసేవాడు.

ప్రొద్దుటూరు బ్యాండు మేళంలో ముప్పై ఏళ్ళుగా శాక్సాఫోన్ ఊదే అమీర్ బాషాను చూస్తే అతనికి మరీ ఒళ్ళు మంట. బంగారం అంగళ్ళ వీధిలో పెళ్ళికొడుకు గుర్రం ముందు, ఎలక్షన్లో గెలిచినవాడి జీపు ముందు, బుగ్గలు పొంగించుకుని ఊదే మనిషి. "అది సంగీతమా? ట్యూబుకు గాలి కొట్టేది" అని ఒకసారి మొహం మీదే అనేశాడు. బాషా నవ్వి శాక్సాఫోన్ సంచిలో పెట్టుకున్నాడు.

ఆ ఏడాది ఎలక్షన్లు. పులివెందుల దాటి వేముల దగ్గర ఒక ఊళ్ళో, ఎదుటి వర్గం బాంబులకు చచ్చిపోయిన నాయకుడి మొదటి వర్ధంతి వచ్చింది. అతని భార్య వనజమ్మకు పార్టీ టికెట్టు రావాలి. టికెట్టు రావాలంటే జనం ఏడవాలి. ఊరికే ఏడవమంటే ఏడుస్తారా? సంగీతం పెడదామన్నాడు ఆమె మరిది నాగిరెడ్డి. తిండి పెట్టి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళకు ఏడుపు మాత్రం పుణ్యానికి వస్తుందా!

జయకర్‌ను సుమోలో తీసుకొచ్చారు. వేదికంతా ఫోటోకు, పూలకు, పెద్దమనుషుల కుర్చీలకు సరిపోయింది. అతన్ని కింద, వేదిక పక్కన పరదా చాటున కూర్చోబెట్టారు. కీబోర్డు వైరు మాత్రం ఎదుటి వర్గం వీధి మొగలో స్తంభానికి కట్టిన మైకు హారన్‌కు కలపమన్నాడు నాగిరెడ్డి. "మన ఉసురు వాళ్ళకు తగలాల. ఏడుపొచ్చేది వాయించప్పా" అన్నాడు.

జయకర్ గుండె ఎగిరింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక బ్యాలడ్ మొత్తం, అదీ రెండు వేలమంది ముందు! ఈ మొద్దు మొహాలకు ఎక్కదులే అనుకుంటూనే శాక్సాఫోన్ మీట నొక్కాడు.

ఆ సీమలో శాక్సాఫోన్ అంటే పెళ్ళి, లేదంటే గెలుపు ఊరేగింపు. చావుకు దాన్ని ఎవరూ వినలేదు. పాట నిదానమా వేగమా అన్నది ఎవడికి పట్టింది? కీబోర్డంటే కుయ్యిమనే పెట్టె అని తప్ప, అందులోంచి శాక్సాఫోన్ పలుకుతుందని నాగిరెడ్డికి తెలీదు. వీధి మొగ నుంచి ఆ గొంతు వినపడగానే కుర్చీ తన్ని లేచాడు.

"మా అన్న వర్ధంతి నాడు మేళం పెట్టి ఊదిస్తాండార్రా నా కొడుకులు!"

పదిమంది కట్టెలు పట్టుకుని ఆ వీధిలోకి దూకారు. సాయంత్రం పెళ్ళికని వచ్చిన బ్యాండువాళ్ళు అక్కడ అరుగు మీద టీ తాగుతున్నారు. వాళ్ళలో శాక్సాఫోన్ ఉన్నది అమీర్ బాషాకే. అతన్ని ఈడ్చుకొచ్చి పందిట్లో పడేశారు.

"సంచిలో నుంచి బయటికే తీయలేదు నాగిరెడ్డప్పా" అని బాషా మొత్తుకున్నాడు.

"ముందరి పండ్లు రాలగొట్టండ్రా. మళ్ళా ఎట్ల ఊత్తాడో సూద్దాం."

ముందరి పళ్ళు పోతే శాక్సాఫోన్ పలకదు. బాషా ఇంట్లో పొయ్యీ వెలగదు. ఒకడు దవడ పట్టుకున్నాడు. ఇంకొకడు రాయి తెచ్చాడు.

గోల మొదలవగానే వాయించడం ఆపేసిన జయకర్ పరదా వెనక అంతా విన్నాడు. 'నేనే' అన్న ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు. అతనికి ముందు కలిగింది భయం కూడా కాదు, సంతోషం. సిగ్గులేని సంతోషం! నిజం మనిషే ఊదాడనుకున్నారు, ఊరు ఊరంతా! ఆ తీపిని కాసేపు చప్పరించాడు. ఆ తర్వాత తనకూ పళ్ళున్నాయని గుర్తొచ్చింది. బాషా "యా అల్లా" అని కేక పెట్టాక గానీ పరదా తొలగించలేదు.

"కొట్టాకండి! వాయించింది నేను."

నాగిరెడ్డి పకపకా నవ్వాడు. "పెట్టె అట్ల ఊత్తాదా? సాయిబును తప్పించను సూస్తాండావా? ఏదీ, వాయించు."

ఎన్నేళ్ళుగానో కోరుకున్న మెప్పు అది. మళ్ళీ శాక్సాఫోన్ మీట నొక్కి వాయించాడు. జనం స్తంభం వైపూ అతని చేతుల వైపూ మార్చి మార్చి చూశారు. వనజమ్మ లేచి నిలబడింది.

"నా మొగుడు సచ్చిన దినాన పెండ్లిమేళం వాయిస్తావా? ఎవురు పంపినార్రా నిన్ను?"

"ఇది ఏడుపు పాటమ్మా..."

"ఏడుపంటే ఏందో నువ్వు నాకు చెప్తావా?"

రాయి జయకర్ వైపు తిరిగింది.

"పెండ్లిపాట కాదమ్మా అది" అన్నాడు బాషా, కింద కూర్చునే దవడ తడుముకుంటూ. "ముప్పై ఏండ్లు పెండ్లిండ్లకు ఊదినోన్ని, నాకు తెల్దా? దీనికి గుర్రం అడుగు గూడా ఎయ్యదు. ఇంట్లో ఒకరు తగ్గినంక ఊదుకునే పాట ఇది. మీరు ఒప్పుకుంటే ఊది ఇనిపిస్తా."

సంచి విప్పి, పీక బిగించి, రెండుసార్లు చెవిన పడ్డ పాటను మెల్లగా అందుకున్నాడు. మధ్యలో ఊపిరి చాలక ఆగాడు. మళ్ళీ అందుకున్నాడు. ఆ ఆగినచోట వనజమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది టికెట్టు కోసం కాదు. రాయి తెచ్చినవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక చంకలో పెట్టుకున్నాడు. కీబోర్డుకు ఊపిరి చాలకపోవడమన్నది లేదు. అది లోటని జయకర్‌కు ఇన్నేళ్ళలో తట్టనే లేదు.

ఇద్దరినీ వదిలేశారు. ఊరి బయట జయకర్ పరుగున వచ్చి బాషాను కలుసుకున్నాడు. జన్మలో మొదటిసారి ఒక మనిషిని మెచ్చుకోవాలనిపించింది.

"ఏం ఊదితివప్పా! జమ్మలమడుగుకు రా. ఇద్దరం కల్సి వాయిద్దాం."

బాషా పీకను తుండుగుడ్డతో తుడుస్తూ తలెత్తలేదు.

"స్తంభం కాడ ఇన్నప్పుడే నీ పెట్టె అని నాకు ఎరికె. నీ పేరు చెప్తే నన్నిడ్సి నిన్ను పట్టుకుందురు. అందుకే చెప్పలే. నేల మీద పడుంటే పరదా కింద నీ కాళ్ళు అగపడ్తాండె. నువ్వే వస్తావని వాటినే సూస్తా ఉంటి." గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "శానాసేపు కదల్లేదప్పా అవి."

పెళ్ళికి వేళయిందని వెనక్కి తిరిగి నడిచిపోయాడు.